వరస కలపనిదే వదలరు!

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ పక్కన ఓ ఊరు. ఆ ఊరికి కాస్త దూరంలో బియ్యం మిల్లుల పట్టణం. ఒకటి వేములపల్లి, రెండోది మిర్యాలగూడ. నీళ్లూ వడ్లూ ఎక్కడెక్కడి జనాన్నో తెచ్చి ఒకే వీధిలో కూర్చోబెట్టిన ఈ వాడల్లో ఓ మామూలు రోజు ఎలా గడుస్తుందో చూసొద్దాం రండి.

వేములపల్లిలో బస్సు దిగి ఎవర్నయినా ఫలానావాళ్ల ఇల్లెక్కడని అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. ముందు మీదేవూరో చెప్పాలి. ఆ ఇంటివాళ్లు మీకేమవుతారో చెప్పాలి. మీ ఊళ్లో మీరెవరి తాలూకో చెప్పాలి. అవన్నీ విన్నాక 'అట్లనా! మా చిన్నవ్వ బిడ్డను ఇచ్చింది మీ ఊరికే గదా. నువ్వు నాకు అల్లునివైతవ్' అంటూ వరస ఖాయం చేస్తారు. దారి చూపించేది ఆ తర్వాతే. అదీ ఎలాగనుకున్నారు... చేతిలో పని పక్కన పెట్టి మీతోపాటే నడిచొచ్చి, గుమ్మం ముందు నిలబడి 'ఏమే వదినె, మీ ఇంటికి సుట్టాలొచ్చిన్రు' అని కేకేసి మరీ వెళ్తారు. ఫోన్లో మ్యాపు ఇక్కడా బాగానే పనిచేస్తుంది. కాకపోతే దానికి వరసలు తెలియవు!

నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో మాడ్గులపల్లి టోల్‌గేటు దాటాక తగులుతుంది వేములపల్లి. నార్కట్‌పల్లి - అద్దంకి నాలుగు వరుసల రోడ్డు మీద లారీలు రాత్రీపగలూ పరుగులు తీస్తూనే ఉంటాయి. పక్కనే సాగర్ ఎడమ కాల్వ. కాకతీయుల కాలం నాటి రేచర్ల వంశీకుల చరిత్రలో వినిపించే ఆమనగల్లు ఈ మండలంలోనిదే. కాగితాల మీద వేములపల్లి పల్లెటూరే. కానీ పెళ్లి బట్టలకైనా, పంటి నొప్పికైనా, ఇంటర్ చదువుకైనా, కొత్త సినిమాకైనా పోవాల్సింది మిర్యాలగూడకే. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తారు. లక్ష జనాభా దాటిన ఆ పట్టణానికి ఇదో దూరపు వాడ అనుకోండి, సరిపోతుంది. పక్కనున్న సూర్యాపేట, కోదాడలది హైదరాబాద్ - విజయవాడ హైవే మీద బతుకు. అక్కడ జనం ఆగి, తిని, వెళ్లిపోతారు. మిర్యాలగూడ వైపు వచ్చినవాళ్లు మాత్రం చాలామంది ఉండిపోవడానికే వచ్చారు.

సాన్పు చల్లే వేళ

తెల్లారి ఐదింటికే వాడ లేస్తుంది. వాకిలి ఊడ్చే చీపురు చప్పుడుకు మించిన అలారం లేదు. ఊడ్చాక సాన్పు చల్లుతారు. సాన్పంటే కోస్తా మాటలో కల్లాపి. ఈ వీధుల్లో రెండు మాటలూ వినిపిస్తాయి, ఎందుకో కాసేపట్లో చెప్పుకొందాం. సిమెంటు రోడ్లు వచ్చాక చాలా ఇళ్ల ముందు పేడనీళ్లు పోయి మామూలు నీళ్లొచ్చాయి. ముగ్గు మాత్రం అలాగే ఉంది. ఆ ముగ్గేసే పావుగంటలోనే వాడ వార్తలన్నీ చేతులు మారతాయి. ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది, ఎవరి బర్రె ఈనింది, ఎవరి కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది... 'రాత్రి మీ ఇంట్ల లైటు శానసేపు ఎలిగింది. పిల్లగానికి పానం బాగలేదా?' అని నిర్మొహమాటంగా అడిగేస్తారు. నగరంలో పెరిగినవాళ్లకు ఇదేం చోద్యం, మనింట్లో లైటుతో వీళ్లకేం పని అనిపిస్తుంది. నిజం చెప్పొద్దూ, కొన్నిసార్లు అది విసుగు తెప్పించే మాట నిజమే. కానీ ఆ అడిగినావిడే పది నిమిషాల తర్వాత మిరియాల కషాయం గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఇక ఏమనగలం!

ఏడింటికల్లా మగవాళ్లు హోటల్లో చేరతారు. హోటలంటే ఏదేదో ఊహించుకోకండి. ఈ ప్రాంతంలో టీ కొట్టు కూడా హోటలే. రేకుల షెడ్డు, పెద్ద పెనం, రెండు బల్లలు, పల్లీ చట్నీ గిన్నె. ఇడ్లీ, వడ, మైసూరు బజ్జీ అయిపోయేదాకా ఉంటాయి, అయిపోతే లేవు. ఒకే పేపరును నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకుని చదివే దృశ్యం ఇంకా చూడాలనుకుంటే ఇలాంటి చోటికే రావాలి. వానాకాలంలో ఆ పేపర్లో ముందు వెతికేది రాజకీయాలనుకుంటే పొరపాటే. సాగర్ నీటిమట్టం ఎంతుందో చూస్తారు. నిండితే 590 అడుగులు. ఇవాళ ఎంత, నిన్నటికన్నా ఎంత పెరిగింది, పైన శ్రీశైలం గేట్లు ఎత్తారా లేదా... ఈ లెక్క తెలియని మనిషి ఆ బల్ల మీద కనిపించడు. సెంటు పొలం లేనివాడికి కూడా ఆ అంకె కావాలి. కాల్వకు నీళ్లొస్తే ట్రాక్టరుకు దున్నకం, కూలికి నాటు, కిరాణా కొట్టుకు బేరం, మిల్లుకు వడ్లు, ఆటోకు కిరాయి. రాకపోతే అన్నీ బందే.

నీళ్ల వెంట వచ్చిన చుట్టాలు

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వకు లాల్ బహదూర్ కాల్వ అని పేరు పెట్టారు గానీ ఆ పేరు పాఠ్యపుస్తకాల్లోనే మిగిలిపోయింది. ఇక్కడి జనానికి అది ఉట్టి 'కాల్వ'. అంతకుముందు ఇక్కడ ఎక్కువగా జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్ట పొలాలు, చెరువుల కింద కాస్త వరి. కాల్వ వచ్చాక కనుచూపుమేరా వరే.

నీళ్లతో పాటే జనం వచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వరి సాగులో చేయితిరిగిన రైతులు వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. ప్రాజెక్టు ఉద్యోగుల కోసం క్యాంపులు వెలిశాయి. మిర్యాలగూడలో ఎన్నెస్పీ క్యాంపు అనే పేరు అలా మిగిలిందే. ఆ మైదానంలో పొద్దున నడకవాళ్లు, సాయంత్రం క్రికెట్ పిల్లలు, ఎన్నికలొస్తే నాయకుల సభలు. వరి వెనకాలే మిల్లులు వచ్చాయి. మిల్లుల వెనకాల హమాలీలు వచ్చారు, ముందు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఆ తర్వాత బిహార్ నుంచి. చుట్టుపక్కల తండాల నుంచి లంబాడా కుటుంబాలు చదువుల కోసం, పనుల కోసం పట్నంలో ఇళ్లు తీసుకున్నాయి. మొదట్నుంచీ ఉన్న ముస్లిం కుటుంబాలు సరేసరి.

పల్లెల్లో వరసలు పెట్టి పిలుచుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడి విశేషమల్లా నిన్నగాక మొన్న దిగినవాడికి కూడా సాయంత్రానికల్లా ఓ వరస దొరకడం. వీధిలో సగం మంది ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే అయినప్పుడు అసలు చుట్టాలు ఎంతమంది ఉంటారు? రాత్రిపూట నొప్పులు మొదలైతే ఆస్పత్రికి తోడు రావడానికి, పొలం వెళ్లేటప్పుడు చంటిపిల్లను అప్పగించడానికి ఎవరో ఒకరు కావాలి కదా. అందుకే ఉన్నవాళ్లనే చుట్టాలను చేసుకున్నారని నా అనుమానం. ఇప్పుడు ఒకే సందులో 'అక్కా' అనే నల్గొండ యాస, 'పిన్నిగారూ' అనే గుంటూరు యాస, 'చాచా', 'భయ్యా' అన్నీ కలిసి వినిపిస్తాయి. బిహార్ కుర్రాడు కిరాణా కొట్టు ముసలమ్మను 'అమ్మమ్మా' అని పిలవడం నేనే విన్నాను. అతనికి వచ్చిన నాలుగైదు తెలుగు మాటల్లో అదొకటి.

ఎండాకాలం ఊరగాయల రోజుల్లో ఈ కలగూరగంప అసలు రుచి తెలుస్తుంది. ఒకింట్లో మామిడికాయ తొక్కు. అల్లం, ఎల్లిగడ్డ దంచి, నూనె కాగబెట్టి పోపేసి కలుపుతారు. పక్కింట్లో ఆవకాయ. ఆవపిండి, పచ్చి నువ్వులనూనె, వెల్లుల్లి. అక్కడి ఎల్లిగడ్డా ఇక్కడి వెల్లుల్లీ ఒకటే, బజారులో ఒకే గంపలోవి! 'మీ తొక్కు నెలకే అయిపోతుందే' అని ఈవిడ, 'మీ ఆవకాయ ఆవఘాటుకు ముక్కు పేలిపోతది' అని ఆవిడ. కొట్టించిన ముక్కలు ఎవరివి ఎవరి బేసిన్లో పడ్డాయో తెలియదు. చివరికి రెండిళ్లలోనూ రెండు జాడీలుంటాయి. ఏది ఎక్కువ రుచి అని నన్నడక్కండి. రెండిళ్లలోనూ అన్నం తిన్నాను కాబట్టి చెప్పను.

రేపిద్దువు తియ్!

వాడకు గుండెకాయ కిరాణా కొట్టు. అక్కడ 'ఉద్దెర' అనే మాట నేర్చుకోకపోతే మీరింకా ఇక్కడివాళ్లు కానట్టే. ఉద్దెరంటే అరువు. పొడుగాటి పుస్తకంలో ఇంటికో పేజీ. పంట చేతికొచ్చినప్పుడో, జీతం పడినప్పుడో జమ. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన స్కాను బొమ్మ, డబ్బులు పడగానే గట్టిగా అరిచే డబ్బా కూడా వచ్చాయి. ఆ డబ్బాతో ఓ చిక్కొచ్చిపడింది. ఎవరెంత కట్టారో వాడంతా వినిపిస్తోంది! అందుకని పాత బాకీ తీర్చేవాళ్లు మాత్రం ఇప్పటికీ నోట్లే ఇస్తారట. చిల్లర తక్కువైతే 'పైసలెక్కడ వోతయ్ బిడ్డా, రేపిద్దువు తియ్' అన్న మాటకు మాత్రం ఏ యంత్రమూ అడ్డు రాలేదు.

కొట్టు దాటితే పిండి గిర్ని. పచ్చజొన్నల డబ్బా, గోధుమల డబ్బా, పసుపుకొమ్ముల సంచీ వరసలో పెట్టి, పిండి దుమ్ములో నిలబడి ఆడవాళ్లు చెప్పుకొనే ముచ్చట్లు గిర్ని చప్పుడును కూడా దాటి వినిపిస్తాయి. తన వంతు వచ్చినా 'ముందు నువ్వు పట్టించుకో, నాకేం తొందర' అని వెనక్కి జరిగేవాళ్లను చూశాను. తొందర లేక కాదులెండి, ముచ్చట పూర్తికాక!

పదకొండింటికి తోపుడు బండి మీద కూరగాయలొస్తాయి. బేరం ఒకరు చేస్తారు, ఆ ధరకు వీధంతా కొంటుంది. కరివేపాకు, కొత్తిమీర ఊరికే వేయాలి, అది రాయని చట్టం. ఆ తర్వాత గంటలో వినిపించే ప్రశ్న ఒక్కటే.

'ఏం కూర వదినె ఇయ్యాల?'

'సొరకాయ పప్పు.'

'జర గిన్నెల పెట్టియ్యి. మా పోరడు నేనొండింది తింటలేడు.'

పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. కనీసం రెండు నిమ్మకాయలైనా వేసి ఇస్తారు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఎవరివో తెలియని మూడు స్టీలు గిన్నెలు ఎప్పుడూ ఉంటాయని ఓ టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఎందుకు వచ్చిందో అప్పుడర్థమైంది.

ఈమధ్య పెరిగిన మరో సరదా పల్లెవెలుగు బస్సు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక, వేములపల్లి ఆడవాళ్లకు మిర్యాలగూడ పక్క వీధి అయిపోయింది. ఆధార్ కార్డు చూపించడం, జీరో టికెట్ తీసుకోవడం, కిటికీ పక్కన కూర్చోవడం. అంతకుముందు మందులకో బ్యాంకుకో తప్ప కదలని పెద్దవ్వలు ఇప్పుడు ఇత్తడి గంటె మాటు వేయించడానికి కూడా నలుగురు కలిసి బయల్దేరుతున్నారు. బస్సులో కొత్త వరసలు కలుస్తాయి, పెళ్లి సంబంధాలూ కుదురుతాయి. ఇదే దారిలో తిరిగే ఆటో డ్రైవర్లకు మాత్రం కడుపు మండుతోంది. వాళ్లూ ఈ వాడ మనుషులే. పొద్దున ఆటోలో ఎక్కని అక్క, సాయంత్రం ఆ తమ్ముడింటికే కూర గిన్నె పంపుతుంది. ఆ గిన్నెతో బండి కిస్తీ తీరదు కదా అని అతని బాధ.

పూలు, గొబ్బెమ్మలు, పీర్లు

పండగొస్తే ఈ వీధుల్ని చూసి తీరాలి. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు పూల కోసం పిల్లలు పొద్దున్నే పొలం గట్ల మీద పడతారు. వరి పొలాలు పెరిగి బీడు తగ్గాక తంగేడు దొరకడం కష్టమైంది, బంతి, చామంతి కొని తెచ్చుకుంటున్నారు. వీధి దీపం కింద బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరిగే ఆ వలయంలో గుంటూరు పిన్నిగారు కూడా ఉంటారు. మొదట్లో చప్పట్లు తప్పేవట, ఇప్పుడు పాట ఎత్తుకునేది ఆవిడే. సద్దుల నాడు కాల్వలోనో చెరువులోనో నిమజ్జనం చేశాక పంచుకునే సత్తుపిండి, మలీదల కోసం వచ్చే పిల్లల్లో ఎవరి పిల్లలెవరో లెక్క ఉండదు.

సంక్రాంతికి లెక్క తిరగబడుతుంది. గొబ్బెమ్మలు, రథం ముగ్గులు కోస్తా ఇళ్ల ముందు. సకినాల పిండి ఇక్కడివాళ్ల ఇళ్లలో. సకినం చుట్టడం ఒక్క చేతితో అయ్యే పని కాదు, అయిదారుగురు గుడ్డ పరిచి కూర్చోవాల్సిందే. చేయి తిరగనివాళ్ల చుట్లు వంకరపోతే వాటిని పక్కన పెట్టి 'ఇవి మీ ఆయనకు' అని ఆటపట్టిస్తారు. రంజాన్‌కు షీర్‌ఖుర్మా డబ్బాలు వాడంతా తిరుగుతాయి. ఇక పల్లెల్లో పీర్ల పండగ. మొహర్రం రోజుల్లో పీరుకు మొక్కేవాళ్లలో, కుడుకలు, దట్టీలు సమర్పించేవాళ్లలో హిందువులే ఎక్కువగా కనిపించే ఊళ్లు తెలంగాణలో లెక్కలేనన్ని.

డాబా మీద నల్లటి దుమ్ము

మిర్యాలగూడ సంగతి రాస్తూ మిల్లుల మాట ఎత్తకపోతే పులిహోర గురించి రాసి చింతపండు మరచిపోయినట్టే. పట్టణం చుట్టూ వంద దాకా రైస్ మిల్లులు. ఆసియాలో ఇంతటి మిల్లుల గుంపు మరోచోట లేదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకొంటారు. సాంబమసూరి, అదేనండీ, 1986లో బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకం, ఈ వాడల్లో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టే బియ్యం. చిత్రమేమిటంటే ఇక్కడ భారీగా తయారయ్యే ఉప్పుడు బియ్యాన్ని ఇక్కడెవరూ పెద్దగా తినరు. యాసంగి వడ్లు ఎండల వేడికి పగిలి, మామూలుగా మర ఆడిస్తే నూకలవుతాయి. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ బియ్యం కేరళ, తమిళనాడు లాంటి రాష్ట్రాలకు రైలెక్కుతుంది. 2025 ఉగాది నాడు పక్కనున్న హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలయ్యాక, వీధి ముచ్చట్లలో 'ఈ నెల బియ్యం ఎట్లున్నయ్' అన్నది కొత్త అంశమైంది. ఇంతమంది బియ్యం పండితుల మధ్య రేషన్ డీలర్ పని కత్తిమీద సామే!

కోత కోసిన పచ్చి వడ్లను ట్రాక్టర్ల మీద నేరుగా మిల్లుకు తెచ్చే పద్ధతి ఇక్కడిది. సీజన్లో రోడ్డు పక్కన ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2021 వానాకాలంలో టోకెన్ల కోసం రైతులు రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు. అలాంటి రాత్రుల్లో రోడ్డు పక్క ఇళ్లే సత్రాలు. మంచినీళ్లు, టీ, పడుకోవడానికి అరుగు, ఫోను చార్జింగు. ఎవరూ అడగరు, ఎవరూ లెక్క రాయరు.

మిల్లు హమాలీల కథ దేశమంతా చూసింది. 2020 మేలో లాక్‌డౌన్ వేళ వలస కూలీలంతా సొంతూళ్లకు వెళ్తుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి రెండొందల మందికి పైగా కార్మికులు ప్రత్యేక రైల్లో లింగంపల్లికి వచ్చారు. తెలంగాణ మిల్లుల్లో బస్తాలు మోయడానికి! వాళ్లను పంపిన ఊళ్లలో మిర్యాలగూడ ఒకటి. అయితే ఒక మాట. హమాలీలు ఎక్కువగా మిల్లు ఆవరణలోని గదుల్లోనే ఉంటారు. వాడలోకి వచ్చేది సంతకు, టీకి, ఛఠ్ పండక్కి అరటిపళ్లు కొనడానికి. వరస దొరికింది గానీ వీధిలో ఇల్లు ఇంకా దొరకలేదు.

ఇక నల్ల దుమ్ము. బాయిలర్లలో ఊక కాలుస్తారు, ఆ బూడిద గాల్లో తేలొచ్చి డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, వడియాల మీద వాలుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి బట్టలారేయడం ఇక్కడి ఇల్లాళ్లకు వచ్చిన విద్య. 'మిల్లు పొగ ఇటొస్తంది, బట్టలు తీసుకోన్రి' అని ఒకరు అరిస్తే వరసగా డాబాల మీద మనుషులు ప్రత్యక్షమవుతారు. చూడ్డానికి సరదాగా ఉంటుంది. పీల్చేవాళ్లకు సరదా కాదు. దగ్గే ముసలివాళ్లను, కళ్లు నలుపుకొనే పిల్లల్ని ఇళ్లలో చూశాక, మంచి ఇరుగుపొరుగు ఉందని మంచి గాలి అడగడం మానేయకూడదనిపించింది.

మీరేమిటోళ్లు?

మొదట్లో చెప్పుకొన్నామే, దారి అడిగితే ఎదురయ్యే ప్రశ్నలు... మీదేవూరు, ఎవరి తాలూకు, ఏమవుతారు. అవే ప్రశ్నలు అద్దె ఇంటి గుమ్మం ముందు ఇంకో రకంగా వినిపిస్తాయి. 'మీరేమిటోళ్లు?' అంటే ఏ కులమని. జవాబు నచ్చితే గది ఖాళీగా ఉంటుంది, నచ్చకపోతే 'మా తమ్ముడొస్తుండు' అంటారు. పొద్దున వదినె అని పిలిచిన నోరే ఇది. కూర గిన్నె కూడా అన్ని గుమ్మాలూ ఎక్కదు. కొన్ని ఇళ్ల నుంచి కొన్ని ఇళ్లకు అది ఒకవైపే నడుస్తుంది.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, వేరే కులం అమ్మాయిని ప్రేమించి పెళ్లాడిన దళిత యువకుణ్ని, గర్భిణిగా ఉన్న భార్య పక్కనుండగానే నరికి చంపారు. కిరాయి ఇచ్చి చేయించిన హత్య. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఈ ఊరి పేరు చెబితే బయటివాళ్లకు ఇవాళ ముందు గుర్తొచ్చేది బియ్యం కాదు, అదే. ఇక్కడివాళ్లకు ఆ సంగతి తెలుసు. ఆ ప్రస్తావన తెస్తే కొందరు తల దించుకుంటారు, కొందరు గొంతు తగ్గించి ఇంకా ఆ తండ్రి బాధ గురించే మాట్లాడతారు. రెండూ విన్నాను. మాట కలిపినంత తేలిగ్గా ఇక్కడ మనువు కలవదు. వరస ఎంత దూరం నడుస్తుందో అక్కడ గీత గీసి ఉంది.

ఆ గీతను కొందరు పిల్లలు చూడనట్టే దాటేస్తున్నారు. ట్యూషన్‌కు ఒకే సైకిల్ మీద వెళ్లే ఇద్దరమ్మాయిలు ఎవరింట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తింటారు. 'వాళ్లింట్ల తింటవా' అని మొదట్లో నాయనమ్మ గొణిగేదట. ఇప్పుడు ఆ రెండో పిల్ల రాని రోజు 'అదేదే, పానం బాగలేదా' అని అడిగేది నాయనమ్మే.

కాల్వ ఎండిన ఏడాది

2023లో వానలు ముఖం చాటేశాయి. సాగర్ నిండలేదు. ఆ యాసంగికి ఎడమ కాల్వ కింద పంటకు నీళ్లివ్వలేదు. పేపర్లో అంకె చూడటం మానేశారు హోటల్ బల్ల మీద. ఉద్దెర పుస్తకంలో పేజీలు నిండాయి, జమలు పడలేదు. కిరాణా కొట్టాయన కొత్త సరుకు తేవడానికి తనే బయట అప్పు చేశాడు. చుట్టరికం ఎంత ఉన్నా దాని కింద పారేవి నీళ్లేనని ఆ ఏడాది బాగా తెలిసొచ్చిందని ఆ కొట్టు ముందే విన్నాను. కొందరు కుర్రాళ్లు పని వెతుక్కుంటూ హైదరాబాద్ బస్సెక్కారు. 2024 వానాకాలంలో సాగర్ నిండి కాల్వ పారింది గానీ, వెళ్లినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. డెలివరీ బ్యాగు వేసుకునో, క్యాబు నడుపుతూనో అక్కడే ఉండిపోయారు.

కొత్తగా కట్టే ఇళ్లకు అరుగులు ఉండటం లేదు. ఎత్తు ప్రహరీ, ఇనుప గేటు, గేటు మీద కెమెరా. అందుకు తగ్గ కారణాలు వాళ్లకున్నాయి, రోడ్డు వెడల్పయ్యాక దొంగల భయం పెరిగింది. అయినా సాయంత్రం కరెంటు పోతే చాలు, ఆ గేట్లన్నీ తెరుచుకుంటాయి. కుర్చీలు వీధిలోకి వస్తాయి. అరగంటలో కరెంటు వచ్చినా ఎవరూ లేవరు.

వీలైతే ఆదివారం రాత్రి మిర్యాలగూడ బస్టాండుకు వెళ్లి చూడండి. సెలవుకొచ్చిన పిల్లలు హైదరాబాద్ తిరుగు ప్రయాణంలో ఉంటారు. ఒక్కో పిల్లాడి వెంట ఇరవై అయిదు కిలోల బియ్యం సంచీ, తొక్కు సీసా, సకినాల డబ్బా. కండక్టరు లగేజీ టికెట్ అంటాడు, తల్లి 'ఇంట్ల బియ్యమే గదా సారూ' అని బతిమాలుతుంది. బస్సు కదలబోతుంటే పక్కింటావిడ పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి ఇంకో సీసా లోపలికి అందిస్తుంది. 'ఇది మావోనికి. కూకట్‌పల్లిల మీ రూముకు దగ్గర్నే ఉంటడు. మరిచిపోయి నువ్వే తినేవు, బిడ్డా!'